తలుపు తట్టే తాళాల మేస్త్రి

మా తమ్ముడు తాళాల మేస్త్రి. బజారు మలుపులో, చెప్పుల దుకాణానికీ మందుల దుకాణానికీ మధ్య, మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టనంత ఇరుకు కొట్టు వాడిది. గోడల నిండా మేకులు, మేకులకు ఇంకా పళ్ళు కోయని తాళంచెవులు. బల్ల మీద కోత మిషను, రెండు ఆకురాళ్ళు, ఒక భూతద్దం. ఇత్తడి పొడి లేచి కళ్ళలో పడుతుందని ఫ్యాను పెట్టుకోడు. ఎండాకాలంలో ఆ కొట్లో కాసేపు నిలబడితే నాకు ఒళ్ళు ఉడికిపోతుంది. వాడు మాత్రం చొక్కా పైగుండీ కూడా విప్పడు.

నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరైనదాన్ని. జనాన్ని అదిలించి, లోపలికి జరిపి, ఫుట్‌బోర్డు మీదివాళ్ళను తిట్టి బతికిన నోరు నాది. వాడు మొండికేసిన తాళాన్ని కూడా అదిలించడు. చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. లోపల ఎక్కడో పట్టేసిందక్కా, బలవంతం చేస్తే విరుగుతుంది అంటాడు. ఒక కడుపున పుట్టిన ఇద్దరికీ ఇంత తేడా ఏమిటా అని మా అమ్మ చివరిదాకా ఆశ్చర్యపోతూనే ఉంది.

వాడికో అలవాటు ఉంది. పని నేర్పిన ముసలి మేస్త్రి పెట్టిన అలవాటు. తాళంచెవి పారేసుకున్నవాళ్ళు పిలిస్తే వెళ్తాడు కదా, లోపల ఎవరూ లేరని వాళ్ళే మొత్తుకుని చెప్పినా సరే, ముందు తలుపు తట్టి, "తాళాల మేస్త్రిని. తలుపు తీస్తున్నాను" అని వినపడేలా చెప్తాడు. కాసేపు ఆగుతాడు. ఆ తర్వాతే సంచీలోంచి పనిముట్టు బయటికి వస్తుంది. చెప్పి తెరిచేవాడు మేస్త్రి, చెప్పకుండా తెరిచేవాడు దొంగ అని ఆ ముసలాయన అనేవాడట. జనం నవ్వుకుంటారు. బీరువాలకు కూడా ఇలాగే చెప్తావా అని నేను ఏడిపిస్తే, చెప్తానక్కా, కాకపోతే కొంచెం మెల్లగా చెప్తాను అన్నాడు.

అలాంటివాడు ఒక్కసారి చెప్పకుండా ఒక తలుపు దగ్గర పని చేశాడు. అది వాడి సొంత కూతురి గది తలుపు.

వాడికి ఒక్కతే కూతురు. చిన్నప్పుడు ఏది చెప్పినా ఎందుకు అని అడిగేది, కాదంటే కాళ్ళు నేలకేసి కొట్టేది. అందుకని నేనే దానికి పెంకి అని పేరు పెట్టాను. పెరిగాక కూడా ఇంట్లో ఆ పేరే ఉండిపోయింది. బడి వదలగానే కొట్టుకు వచ్చి, బల్ల కింద కూర్చుని పాత తాళాలు విప్పి మళ్ళీ బిగించేది. మర బిగించేటప్పుడు నాలుక కొస బయటికి పెట్టడం వాళ్ళ నాన్న పోలికే.

పదహారు దాటాక పిల్ల మారిపోయింది. మొదట్లో వయసు తిక్క అనుకున్నాం. కాలేజీ మానేసింది, స్నానం మానేసింది, తల దువ్వుకోవడం మానేసింది. తను లేనప్పుడు ఎవరో గదిలోకి వస్తున్నారని, వస్తువులు జరుపుతున్నారని మొదలుపెట్టింది. దువ్వెన ఇటు తిప్పి పెట్టాను, అటు తిరిగి ఉంది అనేది. తర్వాత గోడ అవతల ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నారంది. ఆ గోడ అవతల ఉన్నది నీళ్ళ ట్యాంకు. మొక్కై వంగనిది మానై వంగుతుందా, అప్పుడే రెండు తగిలించి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు అని నేను నా కండక్టరు వైద్యం చెప్తూనే ఉన్నాను. ఆసుపత్రిలో మానసిక వైద్యుడు చూసి, ఇది తిక్క కాదు, జబ్బు అని తేల్చి చెప్పాక నా నోరు మూతపడింది.

మందులు వాడితే తగ్గుతుందన్నాడు డాక్టరు. వాడినన్నాళ్ళూ తగ్గింది కూడా. ఒక ఆదివారం పెంకి వచ్చి నా పక్కన కూర్చుని బఠాణీలు ఒలిచింది. ఒలిచినవాటిలో సగం తనే నమిలేసింది. ఆ మాత్రానికే మా మరదలు వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తర్వాత మందులు మానేసింది. అవి మింగితే నిద్ర ముంచుకొస్తోందట, నిద్రపోతే వాళ్ళు వస్తారట. ఆ మాటకు ఎవరు మాత్రం ఏం జవాబు చెప్తారు? గట్టిగా అడిగితే అరుస్తుంది, బతిమాలితే గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంటుంది. ఏది పెంకితనమో ఏది జబ్బో మాకు తెలిసేది కాదు. నేను పెట్టిన పేరు నాకే పిలవబుద్ధి కాని రోజులు అవి.

మరదలు పిల్లల బడిలో ఆయా. ఊళ్ళోవాళ్ళ పిల్లలందరూ ఆవిడ ఒళ్ళో నిద్రపోతారు. సొంత కూతురి గది ముందు మాత్రం చెవి ఒగ్గి, ఊపిరి బిగబట్టి నిలబడేది. లోపల చప్పుడైతే ఏమైందో అని భయం, చప్పుడు కాకపోతే అంతకంటే భయం. ఒకరోజు పెంకి పొద్దున గడియ పెట్టుకుని సాయంత్రం దాకా పలకలేదు. పిలిచాం, తలుపు బాదాం, కిటికీ రెక్క మీద కొట్టాం. చీకటి పడుతుండగా అదే తలుపు తీసుకుని బయటికి వచ్చింది, చెవుల్లో దూది పెట్టుకుని ఉంది. ఏమిటి అందరూ ఇక్కడ నిలబడ్డారు అంది. తమ్ముడు గోడకు జారబడి నేల మీద కూర్చుండిపోయాడు.

ఆ వారంలోనే నేను పెంకిని ఎలాగో ఒప్పించి పార్కు దాకా తీసుకెళ్ళాను. మేమటు వెళ్ళగానే వాడు దాని గదిలోకి వెళ్ళి, తలుపు లోపలి గడియ విప్పేశాడు. ఇంకొకడైతే మరలు ఊడబీకి అలాగే వదిలేసేవాడు. తలుపుకు చిల్లులుంటే మా వాడి మనసు ఒప్పదు. రంపపుపొట్టు జిగురులో కలిపి చిల్లుల్లో కూరి, ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, పైన చెక్క రంగు పూశాడు. అక్కడ ఎప్పుడైనా గడియ ఉండేదంటే తలుపు చేసిన వడ్రంగి కూడా నమ్మడు. అంత బాగా చేశాడు పాపిష్ఠి పని. చేసి, కూతురి మొహం చూడలేక కొట్టుకు పారిపోయాడు.

మేము తిరిగి వచ్చాం. నేనింకా గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాను, అది గదిలోకి వెళ్ళింది. తలుపు మీద వేలు పెట్టి తడుముతూ, గడియ ఏదమ్మా అని అడిగింది. మరదలు భయంతో బిగుసుకుపోయింది. ఉన్న మాట చెప్తే ఏం చేస్తుందో అనుకుందో ఏమో, నోటికొచ్చింది అనేసింది.

"గడియా? ఈ తలుపుకు గడియ ఎప్పుడుందమ్మా?"

పెంకి కాసేపు వాళ్ళమ్మ మొహంలోకి చూసింది. తర్వాత తలుపు వైపు చూసింది. తర్వాత తన వేలి వైపు చూసుకుంది. ఎవరో గదిలోకి వచ్చి వస్తువులు మారుస్తున్నారని ఏడాదిగా మొత్తుకుంటున్న పిల్ల అది. నిజంగానే వచ్చి మార్చాం. మార్చి, అలాంటిదేమీ జరగలేదని చెప్పాం. నేను పరుగెత్తుకెళ్ళి అసలు సంగతి చెప్పబోతే, నువ్వు కూడా వాళ్ళతో కలిశావా అత్తా అని చెవులు మూసుకుంది. ఆ రోజు మరదల్ని నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. తమ్ముడు వచ్చాక వాడికీ వాటా ఇచ్చాను.

అక్కడినుంచి గోరుచుట్టు మీద రోకటిపోటే. తలుపుకు అడ్డంగా కుర్చీ పెట్టి, కుర్చీకి వీపు ఆనించి నేల మీద కూర్చునేది. ఇంట్లో వండినవి ముట్టడం మానేసి, తనే వెళ్ళి కొనుక్కొచ్చిన మూత తీయని సీసాలు, చించని పొట్లాలతో గడిపేది. మనిషి సగమైపోయింది. వాళ్ళ నాన్న సంచీలోంచి ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు మాయమైంది. అది ఎక్కడుందో అందరికీ తెలుసు, అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఒక పొద్దున మరదలు ఉతికిన బట్టలు ఇద్దామని మాట్లాడకుండా తలుపు తోసింది. సందులోంచి పెట్టిన చేతికి ఆ స్క్రూడ్రైవరు దిగి అరచెయ్యి చీరుకుపోయింది. రక్తం చూసి తల్లి కంటే గట్టిగా అరిచింది పెంకే.

అప్పుడు వెళ్ళాం వకీలు దగ్గరికి. బజారు వెనక వీధిలో మేడ మీద ఆఫీసు. ఆ ఆఫీసు తలుపు తాళం తమ్ముడు బిగించిందే. సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడు తల మీదికి తోసుకుని ఉండే ఆవిడ, మాట మధ్యలో అడ్డుపడకుండా అంతా విన్నది. మరదలు కట్టు కట్టిన చెయ్యి కొంగు కింద దాచుకుని కూర్చుంది.

పిల్లకు పద్దెనిమిది ఎప్పుడు నిండుతాయని ముందుగా అడిగింది వకీలమ్మ. వచ్చే నెలలో అన్నాడు తమ్ముడు. ఆవిడ కళ్ళజోడు కిందికి దించుకుంది.

అప్పుడు ఒక్కొక్కటీ విడమరిచి చెప్పింది. మైనరుగా ఉన్నంతకాలం తల్లిదండ్రులు కోరవచ్చు. ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చూసి, ఇంట్లో ఉంచి వైద్యం చేయడం కుదరదని రాస్తే, పిల్ల వద్దన్నా ఆసుపత్రిలో చేర్చుకుంటారు. అంతమాత్రాన అక్కడ పడేసి మరిచిపోవడానికి లేదు, పైన ఒక కమిటీ ఉంటుంది, అవసరమా కాదా అని చూస్తూ ఉంటుంది. పద్దెనిమిది నిండిన రోజు నుంచి తల్లీతండ్రీ మాట చెల్లదు. చేరాలన్నా, ఉండాలన్నా, మందు మింగాలన్నా పిల్ల ఒప్పుకోవాలి. ప్రాణానికి ముప్పు అని డాక్టర్లు రాస్తే తప్ప ఆమెను ఆపే హక్కు ఎవరికీ ఉండదు. ఆ రాత కూడా కొద్ది రోజులకే. సంరక్షకులుగా నియమించమని కోర్టుకు వెళ్ళవచ్చు కానీ అది తేలేసరికి చాలా కాలం పడుతుంది, తేలినా జడ్జిలు అంత తేలిగ్గా ఒక మనిషి నిర్ణయాలు ఇంకొకరి చేతిలో పెట్టరు.

పోలీసులను పిలిస్తేనో అని అడిగాను నేను. ఎవరైనా ఆ క్షణాన ప్రమాదంలో ఉంటే పిలవండి, మాత్ర మింగనన్నదానికి పిలవకండి అంది. ఇంట్లోంచి పొమ్మంటే దారికొస్తుందని మా వీధిలో ఒకాయన సలహా ఇచ్చాడని చెప్పాను. మైనరును గెంటేస్తే ముందు మీమీదే కేసవుతుందని చెప్పమనండి ఆయనకు, అంది. మరదలు తలెత్తకుండా, మాత్ర పొడిచేసి పాలల్లో కలిపి ఇస్తే తప్పా అండీ అని అడిగింది.

"చట్టం సంగతి అటుంచండమ్మా. అది బయటపడిన రోజు మీ చేత్తో ఇచ్చిన మంచినీళ్ళు కూడా తాగదు."

మరదలు కట్టు చెయ్యిని కొంగు కిందికి ఇంకాస్త లాక్కుంది. తాగడం ఎప్పుడో మానేసిందని ఆవిడకు ఎలా చెప్తుంది?

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇప్పుడు తమ్ముడు ఆసుపత్రిలో చేర్చుకోమని సంతకం పెడితే పిల్ల జన్మలో మొహం చూడదేమో. పెట్టకపోతే, నెల తిరిగాక పెడదామన్నా వాడి సంతకానికి విలువ ఉండదు, ఆ లోపల అది ఆ గదిలోనే ఏమైపోతుందో. తమ్ముడికి అన్నం సయించలేదు. ఎన్నడూ లేనిది వాడు కోసిన తాళంచెవులు తిరిగి రావడం మొదలైంది. తిరగట్లేదు మేస్త్రీ అని ఒక స్కూటరతను తెచ్చిన తాళంచెవిని పట్టుకుని, దాన్ని సరిచేయకుండా అలా చూస్తూ కూర్చున్నాడు. చివరికి నేనే ఉండబట్టలేక, పిల్ల బతికుంటే కదరా కోపగించుకోవడానికి అన్నాను. మర్నాడు వెళ్ళి సంతకం పెట్టాడు. మొదట చూసిన డాక్టరు రాశాడు. రెండో డాక్టరు ఇంటికే వచ్చి, గది ఇవతల పీట వేసుకుని, మూసిన తలుపుతో చాలాసేపు మాట్లాడి, ఆయనా రాశాడు.

ఆసుపత్రి బండి పొద్దున వచ్చింది. ఒక నర్సు, ఇద్దరు మగవాళ్ళు. వీధిలో ఎదురింటి కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. టికెట్టు కొన్నారా చూడ్డానికి అని గట్టిగా అడిగాను, మూసుకున్నాయి.

నర్సు మెల్లగా పిలిచింది. ఒకతను తలుపు తోశాడు. కుర్చీ అడ్డం ఉంటే తలుపు కాస్తన్నా కదలాలి. అది వెంట్రుక వాసి కదల్లేదు. తమ్ముడు వచ్చి తలుపు మీద అరచెయ్యి ఆనించి, వంగి సందులోంచి చూశాడు.

"గడియ బిగించింది" అన్నాడు.

వాడు అటక మీది పాత పెట్టెలో దాచిన గడియ తీసుకుని, వాడు కూరిన రంపపుపొట్టంతా తవ్వి పారేసి, అవే చిల్లుల్లో తిరిగి బిగించింది. ఎప్పుడు చేసిందో ఎవరికీ తెలియదు. కడ్డీ ఒక్క పిసరు కూడా వంకర పోలేదక్కా అన్నాడు నాతో. భయంతో మొహం పాలిపోయి ఉంది, అయినా ఆ మాటలో కాస్త గర్వం వినపడింది. కాకి పిల్ల కాకికి ముద్దు మరి.

తలుపు పగలగొడదామా అని ఒకతను అడిగాడు. మీరు తాళాల మేస్త్రి కదా, మీరే తెరవండి అన్నాడు రెండో అతను. వాడు తెరవగలడు. సన్నటి రంపపు బ్లేడు సందులో దూర్చి గడియ కడ్డీని కోసేయగలడు. సంచీలోంచి బ్లేడు బయటికి తీశాడు కూడా. తీసి, దాని వంక చూసి, మళ్ళీ సంచీలో పెట్టేశాడు. నిటారుగా నిలబడి తలుపు తట్టాడు.

"పెంకీ. నేను, తాళాల మేస్త్రిని." సంచీని కాలితో పక్కకు జరిపాడు. "తలుపు తీయడానికి రాలేదు. ఒక మాట చెప్పాలి. ఈ తలుపుకు గడియ ఉండేది. నేనే తీసేశా. నువ్వు అత్తతో పార్కుకి వెళ్ళినప్పుడు, నీకు చెప్పకుండా లోపలికొచ్చి తీసేశా. చిల్లులు పూడ్చింది కూడా నేనే. మీ అమ్మ భయపడి లేదని చెప్పింది. నువ్వు అన్నదే నిజం."

మరదలు గోడ వైపు తిరిగింది. లోపల ఏదో నేల మీద జరిగిన చప్పుడైంది. తర్వాత ఆ గొంతు, ఎన్నాళ్ళనుంచో మాట్లాడనట్టు బొంగురుగా వినపడింది.

"మరలన్నీ ఒకే రకమా?"

"కాదమ్మా. ఒకటి ఇత్తడిది, మిగతావన్నీ ఇనుపవి. ఆ ఇత్తడిది చిన్నప్పుడు నువ్వే బిగించావు. నా దగ్గరే ఉంది, పారెయ్యలేదు."

నర్సు తొందరపెట్టలేదు, ఆ తల్లి కడుపు చల్లగా ఉండాలి. ఎవరెవరు వచ్చారు అని లోపలినుంచి ప్రశ్న వచ్చింది. వాడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆసుపత్రివాళ్ళని, నర్సుతో పాటు ఇద్దరు మగవాళ్ళున్నారని, తనే సంతకం పెట్టానని.

"రానంటే?"

"తీసుకెళ్తారు. నీకు పద్దెనిమిది నిండేదాకా నా సంతకం చాలు. నిండాక చాలదు. ఆ రోజు నిన్నే అడుగుతారు. వద్దంటే వదిలేస్తారు, నేనేం చెయ్యలేను."

నాకు వాడి నోరు నొక్కేయాలనిపించింది. దొంగచేతికి తాళాలిచ్చినట్టు, ఎటునుంచి బయటపడాలో దారి వాడే చూపిస్తున్నాడు. లోపలినుంచి ఇంకో ప్రశ్న వచ్చింది, అక్కడి గదికి గడియ ఉంటుందా అని. వాడు నర్సు మొహం చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఉంటుందని ఒక్క అబద్ధం ఆడితే తలుపు అప్పుడే తెరుచుకునేదేమో.

"ఉండదమ్మా" అన్నాడు.

"తట్టి వస్తారా?"

ఈసారి నర్సే దగ్గరికి వెళ్ళి, తట్టే వస్తామని మాటిచ్చింది. ఇంకాసేపటికి తలుపు తెరుచుకుంది. గడియకు నూనె కూడా వేసినట్టుంది, చప్పుడే కాలేదు. పెంకి స్క్రూడ్రైవరును పిడి వైపు తిప్పి వాళ్ళ నాన్న చేతికిచ్చింది. వాడి మొహం చూడలేదు. గుమ్మం దాటుతూ మాత్రం ఒక మాట అంది.

"నా పుట్టినరోజు గుర్తుంచుకో నాన్నా."

ఆ మాట వాడిని పట్టుకుని పీడించింది. తండ్రులు కూతుళ్ళ పుట్టినరోజు కోసం ఎదురుచూస్తారు. వీడు కేలండరు ముందు నిలబడి దొంగచూపులు చూసేవాడు. ఆసుపత్రిలో దాని గది వార్డు తలుపు పక్కనే. మైనరు తండ్రి కాబట్టి వెళ్ళిన ప్రతిసారీ వార్డు తలుపు తీసి లోపలికి పంపేవారు. అది గోడ వైపు తిరిగి పడుకునేది. వాడు కాసేపు కుర్చీలో కూర్చుని, వెళ్ళొస్తానమ్మా అని చెప్పి వచ్చేసేవాడు. మళ్ళీ మర్నాడు వెళ్ళేవాడు. మరదలితో రెండు ముక్కలు మాట్లాడేది, నాతో కాస్త పోట్లాడేది. వాడితో మాత్రం ఒక్క మాట లేదు. మందులు లోపలికి వెళ్తున్నాయని, తింటోందని, నిద్రపోతోందని నర్సు చెప్తే అదే పదివేలు అనుకునేవాళ్ళం.

కొట్లో మాత్రం వాడు ఒక గడియ తయారు చేస్తూ కూర్చున్నాడు. లోపలినుంచి మామూలుగా పెట్టుకోవచ్చు, బయట చిన్న గాడి ఉంటుంది, మరీ ప్రాణం మీదికి వస్తే నాణెం పెట్టి తిప్పితే తెరుచుకుంటుంది. ఎప్పుడు బిగిస్తావురా అని అడిగాను. దానికి చూపించి, ఆ గాడి సంగతి చెప్పి, సరేనంటేనే బిగిస్తాను అన్నాడు. ఆ ఇత్తడి మర పక్కన పెట్టి ఉంచాడు.

పద్దెనిమిది నిండే ముందురోజు డాక్టరు పిలిచి చెప్పాడు. రేపు పొద్దున రౌండ్లో అడుగుతాం. ఇప్పుడు కొంత తేరుకుంది, ఇంకొన్నాళ్ళు ఉండి మందులు కుదుర్చుకుంటే మంచిదని చెప్తాం. ఉంటానంటే ఉంటుంది. వద్దంటే మధ్యాహ్నం భోజనాల లోపు పంపించేయాలి. ఎక్కడికి పంపిస్తారు అని మరదలు అడిగింది. ఆమె ఎక్కడికి వెళ్తానంటే అక్కడికి అన్నాడు ఆయన, తల వంచుకుని.

మర్నాడు చూడనిచ్చే వేళకు, మధ్యాహ్నం దాటాక వెళ్ళాం. పొద్దున్నే వెళ్ళి గేటు దగ్గర నిలబడదామంటే తమ్ముడు వద్దన్నాడు. కాపు కాసినట్టుంటుందక్కా అన్నాడు. కింద బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయికి వాడిని రోజూ చూసి అలవాటే. అయినా ఆ రోజు కంప్యూటరు వంక చూసి, ఇబ్బందిగా మొహం పెట్టింది. నిన్నటి దాకా వేరండీ, ఇవాళ్టి నుంచి ఆమె మేజరు, లోపల ఉందో వెళ్ళిపోయిందో కూడా ఆమె అనుమతి లేకుండా మీకు చెప్పకూడదు అంది. మరదలు అక్కడే కుర్చీలో కూలబడింది. కన్నతండ్రికి చెప్పరా అని నేను నా పాత గొంతు తీయబోయాను. తమ్ముడు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

కావాలంటే పైకి వెళ్ళి వార్డు తలుపు దగ్గర అడగండి, తీయాలో వద్దో పైవాళ్ళ ఇష్టం అంది ఆ అమ్మాయి. మరదలు లేవలేదు, నేనిక్కడే ఉంటాను వదినా మీరు వెళ్ళండి అంది. మేమిద్దరం మెట్లెక్కాం. పైన పొడుగాటి వరండా, చివర ఆ తలుపు. అద్దం లేని తలుపు, లోపల ఏముందో కనపడదు. ఆ తాళం మా వాడికి ఒక లెక్కలోది కాదు. కళ్ళు మూసుకుని తెరుస్తాడు. భుజాన సంచీ కూడా ఉంది.

తలుపు ముందు నిలబడ్డాడు. చొక్కా సర్దుకున్నాడు. ఎందుకో వెనక్కి తిరిగి నా వంక చూశాడు, చిన్నప్పుడు బడి మొదటిరోజు చూసినట్టు. నేను కానివ్వమన్నట్టు తలూపాను. తట్టాడు.

"తాళాల మేస్త్రిని. మీ నాన్నని. లోపలికి రావచ్చా?"

ఎక్కడో ట్రాలీ చక్రం కీచుమంది. వాడు మళ్ళీ తట్టలేదు. ఒకసారే తట్టాలి, ఒకసారే చెప్పాలి, ఆ తర్వాత ఆగాలి, అది వాడి పద్ధతి. నాకైతే వెళ్ళిపోయిందిరా, పద, వీధుల్లో వెతుకుదాం అని నోటిదాకా వచ్చింది.

లోపల చెప్పుల చప్పుడైంది. తలుపు దగ్గరికి వచ్చి ఆగింది.

"ఆగు నాన్నా. తల దువ్వుకుంటున్నా."

వాడు తలుపు దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకోవాలని కూడా వాడికి తోచలేదు. నేను కిందికి వెళ్ళి మరదలికి చెప్దామనుకున్నాను గానీ, వెళ్ళలేదు. ఇద్దరం అక్కడే ఆగాం.